ఆడబిడ్డ పట్టిన తాడు

పోతమ్మ అని ఒకావిడ ఉండేదంట, నల్లమల కొండల్లో, ఒక గూడెంలో. మనిషి పొట్టిదే, కాళ్లు మాత్రం ఇనుమనుకో. వాగు పొంగితే అందరూ ఒడ్డున ఆగిపోయేవాళ్లు, ఈవిడ చంటిపిల్లని వీపున కట్టుకుని రాయి మీంచి రాయికి దూకి అవతల తేలేదంట. దుప్పిని పరుగులో ఓడించిందంటారు, అది నేను నమ్మను. ఎలుగు వెంటబడితే చెట్టెక్కకుండా పరిగెత్తిందంట, అలిసిపోయి ఎలుగే ఆగిందంట. అది నమ్ముతా. చెట్టయితే ఎలుగూ ఎక్కుద్ది కదా.

మొగుడు బయ్యన్న తేనె దించేవాడు. గద్దరాయి అని నిలువుగా ఒక కొండచరియ, దాన్నిండా తేనెపట్టులు, అది వాళ్లింటి హక్కు. హక్కంటే కాగితం కాదమ్మా, ఏటా తాడు మీద దిగాల. ఒక్క ఏడు దిగకపోతే, దిగగలిగినోడు ఎవడైతే వాడిదే. ఏమైందంటే, ఆ ఏడు బయ్యన్న జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇంకేముంది, పక్కింటి మంతన్న కాగడాలు కట్టుకోవడం మొదలెట్టాడంట. బయ్యన్న అయితే పొగ పెట్టి, తేనె ఉన్న మూల వరకే కోసుకుని, ఈగల పిల్లలుండే భాగం వదిలేసేవాడు, మళ్లా అక్కడే ఉంటాయని. మంతన్న ఈగల్ని కాల్చేసి పట్టు మొత్తం ఊడబెరుకుతాడు. వాడు దిగిన రాళ్లన్నీ బోడిరాళ్లే అయిపోయాయి.

నేను దిగుతా అందంట పోతమ్మ. కులపెద్ద నవ్వి, "దిగుతావే అనుకో, తాడెవరు పట్టాలమ్మా?" అన్నాడంట. ఇక్కడ మీకొక సంగతి చెప్పాల. తేనెకి మగాడు దిగితే పైన తాడు పట్టేది వాడి బావమరిదే, అన్నదమ్ములు కాదు. అన్నదమ్ముడికి వాటా మీద కన్నుంటుంది. బావమరిదికి వాళ్లక్క తాళి ముఖ్యం, ప్రాణం పోయినా వదలడు. మరి ఆడది దిగితే? పోతమ్మ తడుముకోలేదు. "మా ఆడబిడ్డ పట్టుద్ది" అందంట. గూడెం గూడెమంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎందుకంటే ఆ ఆడబిడ్డ గురవమ్మకీ ఈవిడకీ మాటల్లేవు, ఎదురుపడితే మొహాలు తిప్పేసుకుంటారు. బయ్యన్న మంచంలోంచి, "నీకేమన్నా పిచ్చా, దాని చేతికి తాడిస్తావా" అన్నాడంట. "నేను పడితే నిన్నూ నీ ముగ్గురు పిల్లల్నీ సాకాల్సింది ఎవరు? అదే. అంత చాకిరీ నెత్తిన పెట్టుకుంటదా? వదలదులే" అంది పోతమ్మ.

గురవమ్మ వచ్చింది, మూతి ముడుచుకునే వచ్చింది. "నీ కోసం కాదు వదినా, మా అన్న కోసం" అంది. "ఎవరి కోసమైతే నాకేంటే, కాలు తన్నిపెట్టి పట్టు" అని ఈవిడ అంచు దాటి దిగిపోయింది. కింద చూస్తే లోయ, చెట్లు గడ్డిపోచల్లా కనిపిస్తున్నాయంట. నారతాడు మీద ఊగుతా, గోడని కాలితో తన్నుకుంటా, పట్టు నుంచి పట్టుకి పోయి, పొగ పెట్టి తేనె మూల కోయడం, మిగతాది వదలడం. పొగకి లేచిన ఈగలు ఏం చేశాయంటే, కింద ఈవిడని వదిలేసి పైకి పోయాయి. గురవమ్మ మొహం కనపడలేదంట, అంతా ఈగలే. చేతులెత్తి తోలుకోడానికి లేదు, చేతుల్లో తాడుంది. మంతన్న దగ్గరికొచ్చి, "కళ్లు పోతాయి గురవా, తాడు నాకియ్యి" అన్నాడంట. "ఇంకొక్క అడుగేస్తే కొరుకుతా" అందంట.

పోతమ్మ తేనెబుట్టతో పైకొచ్చి చూసింది. ఆడబిడ్డకి కళ్లు పూడిపోయాయి, పెదాలు బూరెల్లా ఉబ్బాయి, అరచేతుల తోలు తాడుకే అంటుకుపోయింది. ఆ చేతుల్లోంచి తాడు మెల్లగా ఊడదీసిందంట. ఆ తర్వాత, "ఎందుకు వదల్లేదే?" అని అడిగింది. "నీ పిల్లలు మహా అల్లరోళ్లు వదినా, నా వల్ల కాదు" అందంట, ఆ పెదాలతోనే. పోతమ్మ మొదటి తేనె వేలితో తీసి ఆ పెదాలకే రాసింది. మంతన్న అంచున బోర్లా పడుకుని కిందకి చూశాడు, ఈగలు మళ్లా పట్టుల్లో మిగిల్చిన వాటి పిల్లల మీద వాలుతున్నాయి. కాగడాలు లోయలోకి విసిరేసి పోయాడంట.

జుట్టు తెల్లబడేదాకా పోతమ్మే దిగింది, గురవమ్మే పట్టింది. ఇద్దరికీ పడిందా అంటే, తాడు దగ్గర తప్ప ఎక్కడా పడలేదంట. అది వేరే సంగతి. మొన్న మా అమ్మాయికి సంబంధమొస్తే, అబ్బాయి చదువేంటి, ఇల్లెక్కడ అని అందరూ అడుగుతున్నారు. నేను మాత్రం ఆ అబ్బాయి చెల్లెల్ని, మా పిల్లకి కాబోయే ఆడబిడ్డని పిలిచి, ఏదీ, అరచేతులు చూపించమ్మా అన్నా.