గురవయ్య వాటాకొచ్చిన ల్యాప్‌టాప్

గురవయ్యని వీడియో గురవయ్య అనేవాళ్ళులే. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా కెమెరా పట్టేదీ వాడే, దుకాణంలో కూర్చుని పాటలూ పూలూ కలిపి మిక్సింగ్ చేసేదీ వాడే. వాడికో తమ్ముడు, తిరపతయ్య. ఇద్దరిదీ ఒకటే దుకాణం, ఒకటే పొయ్యి. ఏమైందంటే, తోడికోడళ్ళకి పడలా. వేరుపడదాం అనుకున్నారంట. పంచుకోడానికి ఏముంది, నా మొహం? టేబులు కింద పెట్టే పెద్ద కంప్యూటరు ఒకటి, ల్యాప్‌టాప్ ఒకటి, కెమెరా ఒకటి. మా కాడ కట్టుబాటు తెలుసుగా, అన్న వాటాలేస్తాడు, తమ్ముడు ముందు ఏరుకుంటాడు. జత కుదరకుండా విడిగా మిగిలిన వస్తువేదన్నా ఉంటే అది చిన్నోడిది.

గురవయ్య వాటాలేశాడంట. ఒకపక్క పెద్ద కంప్యూటరు, ఒకపక్క ల్యాప్‌టాపూ దాంతోపాటు కెమెరా. తిరపతయ్య గయ్యిమన్నాడు. అదేం లెక్కన్నా, రెండిట్లోనూ బొమ్మని నడిపేది గ్రాఫిక్స్ కార్డే గదా, రెండూ ఒకే ఏడు కొన్నాం, ఎనిమిదేళ్ళవి, పేరొకటే, నంబరొకటే, ఇదిగో చూస్కోండి అని పంపకానికి పిలిచిన పెద్దమనుషులకి స్టిక్కర్లు చూపించాడంట. సమానమైతే కెమెరా విడిగా మిగిలినట్టే, అంటే నాదే అన్నాడు. గురవయ్య మెత్తనోడు, గట్టిగా మాట్లాడటం రాదు. పేరొకటే గానీ బలం ఒకటి కాదు బాబాయ్, పెద్దదాంట్లో ఉన్నదానికి కరెంటు మేత నిండుగా ఉంటది, గాలి ఆడుద్ది. ల్యాప్‌టాప్‌లో ఉన్నదానికి సగం మేతే, ఊపిరాడదు. కాసేపు బానే పరిగెత్తుద్ది, వేడెక్కితే కూలబడుద్ది, అందుకే కెమెరా ఇటేశాను అన్నాడంట. ఎవడింటాడు? వచ్చినోళ్ళంతా బండలాగుడు పందేల పెద్దలు. పళ్ళు చూసి ఎద్దుల వయసు చెప్పి జత కట్టేవాళ్ళు. ఇవి రెండూ ఒకే పళ్ళవేరా, ఇంకేం తేడా అని నవ్వారు. సరే, పందెం పెడదాం అన్నారంట.

ఒకే పెళ్ళి వీడియోని రెండిట్లోనూ పెట్టి, మిక్సింగ్ ఒక్కసారే మొదలెట్టి, ఇరవై నిమిషాల్లో ఏది ఎంత దూరం పోయిద్దో చూడాల. గడియారం పట్టుకున్న పెద్దమనిషి పందేల్లో పేరుమోసినోడు. ఎద్దులు నోట నురగ కక్కుతున్నా సరే, ఇరవై నిమిషాలంటే ఇరవయ్యే, సెకను ముందు ఈల ఊదడు. అట్టాంటోడు. పెద్దలకి ఉక్కపోస్తందని తిరపతయ్య కూలర్ తెచ్చి పెట్టాడంట. పెద్దల వైపు గాదు, ల్యాప్‌టాప్ ఉన్న టేబులు వైపు తిప్పి పెట్టాడు! అప్పుడు ఎవరికీ తట్టలా. లోపల పొయ్యి మీద వేటమాంసం, అదీ తిరపతయ్య కోయించిందే. వాసన వసారాలోకి కొడతంది. పది నిమిషాలకి రెండిట్లోనూ తెర మీద గీతకి గీత సమానంగా పోతన్నాయనుకో. విస్తర్లేశాం లెగండి అన్నాడు తిరపతయ్య. పెద్దమనిషి ఈల ఊదేశాడు.

గురవయ్య చేతులు పట్టుకున్నాడంట. ఇంకో పది నిమిషాలు బాబాయ్, నీకు దణ్ణం పెడతా, ఆ కూలర్ తీసి చూడండి అన్నాడు. వాడి పెళ్ళాం అంకమ్మ వాకిట్లో నిలబడి, పది నిమిషాలాగితే కూడు చల్లారిద్దా మీకు అంది. ఆడకూతురు, నీకెందుకమ్మా అన్నారు. సమానం అన్నారు. కెమెరా తిరపతయ్యది అన్నారు. చేతులు కడుక్కుని కూర్చున్నారు.

ఆ తర్వాత ఏముంది? తిరపతయ్య పెద్ద కంప్యూటరు ఏరుకున్నాడు. కెమెరా లేని గురవయ్య వేరే ఊళ్ళ వాళ్ళు తీసిన పెళ్ళిళ్ళు తెచ్చుకుని మిక్సింగ్ మొదలెట్టాడు. నడెండాకాలం, నాలుగ్గంటల వీడియో. పావుగంట బానే పోయేదంట, ఆ తర్వాత సెగలు కక్కి ఆగిపోయేదంట. అంకమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేదయ్యా, మనిషికి విసిరినట్టు. ఇస్తానన్న రోజుకి ఇయ్యలేకపోయాడు. పెళ్ళివాళ్ళు దుమ్మెత్తిపోశారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తిరపతయ్య దగ్గరికి మళ్ళారు. శ్రావణమాసం వచ్చేసరికి గురవయ్య తమ్ముడి దుకాణంలోనే రోజు కూలికి కుదిరాడు. అదే కుర్చీలో, అదే పెద్ద కంప్యూటరు ముందర.

అదేంది తాతా, దగ్గరుండి చూసినట్టే చెప్తన్నావే అంటారా? ఆ గడియారం పట్టుకుంది నేనేరా. ఎద్దులకి చేసిన న్యాయం వాడికి చెయ్యలా. మొన్న బజార్లో ఎదురుపడితే, బాగున్నావా బాబాయ్ అన్నాడు. తిట్టినా బాగుండేది, ఎదవ. ఇప్పుడు ఎవరి పంపకాలకి పిలిచినా నేను పోను. పిలిచేవాడు కూడా లేడనుకో.