ఆత్మారాం తెచ్చే ఆకు

చిలుము ముట్టనని మొదటి రోజే చెప్పిన గద, డాక్టర్ సాబ్! ఇప్పుడు నాకు గంజాయి పడదంటే ఎట్ల? బీడీ సుత తాగనోణ్ణి.

చెయ్యి చూపిస్తున్నరా? కనిపిస్తనే ఉంది. చెరుకు పిప్పి నానిన నీళ్లు పెట్టి గీరినకాడ ఏం లేదు. ఆకు రసం పెట్టినకాడ కందిరీగ కుట్టినట్టు దద్దు లేచింది.

ఈ ఆయాసానికి పదకొండేండ్లు పిప్పినే తిట్టిన! బోధన్ ఫ్యాక్టరీల చెరుకు కాటా గుమాస్తాను నేను. ఎడపల్లి బండ్లు తెల్లారకముందే బారులు తీరుతుండె, ఆ ఎద్దుల గంటలు... సరే, అది వద్దు. అక్కడ ఎవరికి దగ్గొచ్చినా పిప్పి దుమ్మే అంటరు. నేనూ అదే అనుకున్న. రిటైరైనంక ఇల్లు అమ్ముకొని నిజామాబాద్ వచ్చిన. తెలిసిన మొఖాలన్నీ అక్కడనే ఉండిపోయినయి. రెండో ఏడు మా ఇంటామె అనసూయమ్మ పోయింది. ఆయాసం ఒక్కటే నా వెంట ఉంది.

ఏంది? ఆకు నా చేతికెట్ల వచ్చిందంటరా?

ఆత్మారాం తెస్తడు. కాటా మీద నా జోడు. ఆయన తూస్తే నేను రాసేది. భజన మంచిగ పాడుతడు, పాటకు ముందు చిలుము ఉండాలె. మా భజన మండలిల ఒక పద్ధతి ఉండె. తాగనోడే ఆకు బాగు చేయాలె. తాగేటోని చేతికిస్తే సగం మాయం! అందుకే నాకిచ్చిండ్రు. గింజలు, పుల్లలు ఏరి, అరచేతిల నలిపి, పొట్టు నోటితోని ఊదేది. ఇంత నమ్మకస్తుణ్ణని గర్వం సుత ఉండె. నవ్వకండి.

ఇప్పటికీ ప్రతి గురువారం బోధన్ బస్సు దిగి నా అర్రకు వస్తడు. నేను బాగు చేస్తా, ఆయన పీలుస్తడు, ఒక మరాఠీ అభంగం పాడుతడు. మిగిలిన ఆరు రోజులు పాలామెతోని తప్ప మాట లేదు నాకు.

మొన్న రెండు గురువారాలు ఆయన బిడ్డ దగ్గరికి నాందేడ్ పోయిండు. ఆ పదిహేను రోజులు పిల్లికూతలు లేవు, చక్కగ పండుకున్న. అప్పుడే తెలిసింది నాకు. మీ సూది ఇయ్యాల చెప్పింది.

మానేస్తే మంచిదే. గని ఆత్మారాం వచ్చేది నన్ను చూడనీకె కాదు, సాబ్. ఆయనింట్ల కోడలు చిలుము ముట్టనియ్యదు, అందుకు వస్తడు. నాకు తెలుసు.

పోయినవారం అడిగిండు, "నా ఆకుతోనే నీకు గిట్లయితుందా, అన్న? అయితే ఇగ నీ గడప తొక్క" అని. "పిచ్చోడా, పిప్పి దుమ్మురా" అన్న. నమ్మలే. డాక్టర్ చీటీ తెచ్చి చూపియ్యమన్నడు.

పిప్పి దుమ్మని రాస్తరా?

రాయరా? సరే, నిజమే రాయండి. ఇంగ్లీషుల రాయండి. ఆయనకు ఇంగ్లీషు రాదు. చదివి చెప్పేది నేనే.