ముళ్ళున్న ఆంప్లిఫయర్

స్టీరియో సామాన్లు అమ్మే కొట్టులో ఒక ముసలాయన, కొట్టువాడు వినిపించిన రెండు ఆంప్లిఫయర్లనూ విని లేచాడు.

"పాటకి అద్దం వెనక గడియారం ముళ్ళలాంటివి ఊగుతాయే, అది ఇవ్వు."

"అదంతా పైపై సోకే బాబాయ్! పాటంటే ఈ నల్లదాంట్లోనే. పాడేవాడు ఎదురుగా కూర్చున్నట్టుంటుంది."

"అవును, నల్లదే బాగుంది."

"మరి ఇదెందుకు? పాట కళ్ళతో వింటారా ఏంటి?"

"మా ఆవిడకి ఒక చెవి పోయింది. రెండోదీ నిలవదని డాక్టరు చెప్పేశాడు."

"అయ్యో... వినపడినన్నాళ్ళయినా మంచి పాట విననివ్వండి. నల్లది పట్టుకెళ్ళండి."

"నేనూ అదే అన్నాను. తనే వద్దంది."

"ఎందుకట?"

"'పాట మోగుతోందో ఆగిపోయిందో ఆ ముళ్ళు చూసి తెలుసుకుంటాను. మాటిమాటికీ మిమ్మల్ని అడగలేను' అంది."