మొదటి గ్లాసు ఎవరిది

హలో… ఆ, నేనేరా, అక్కని. కేబిన్ ఫోన్ ఎత్తడానికి ఇంతసేపా?

…

మళ్ళీ కడుపులో తిప్పుతోందా? ముందు ఆ చేతిలో గ్లాసు కింద పెట్టు… పెట్టమన్నానా, పెట్టు. తర్వాత చెబుతా.

…

ఆ, నా మెషిన్ నీళ్ళే. మీ ముగ్గురి చెమటా, ఉచ్చా వడగట్టి నేనిచ్చే నీళ్ళే. వాటినే తాగొద్దంటున్నా.

…

ఇవాళ ఇక్కడ సభ కదా. అంగారకుడి మీదికి మనుషుల్ని ఎలా పంపాలో పెద్ద ప్రణాళిక ఒకటి వల్లించారు. చివర్లో మన డైరెక్టర్ గారు గ్లాసెత్తి, 'అక్కడికి వెళ్ళడానికి నేల మీదే కేబిన్‌లో సాధన చేస్తున్న మా కుర్రాళ్ళు తాగే నీళ్ళివే' అని గటగటా తాగేశారు. ఒకటే చప్పట్లు. నేనూ కొట్టా, సిగ్గులేకుండా.

…

బాటిల్ నీళ్ళురా అవి. తెర వెనక మూత తీసి పోస్తుంటే నా కళ్ళతో చూశా.

…

నేనూ అదే అనుకున్నా, పెద్దాయనకి అసహ్యమేమోలే అని. వెళ్ళి అడిగా. 'మొన్నటి పరీక్షలో క్రిములు కనబడ్డాయమ్మా, సభ అయ్యాక చెబుదామనుకున్నాం' అన్నాడు. అమ్మా అని పిలిచి మరీ… ఛీ. ఒంటి మీద జెర్రి పాకినట్టయింది నాకు.

…

తెలిసేరా. తెలిసే మీచేత తాగించారు.

…

తెలుసు. మధ్యలో తలుపు తెరిస్తే ఈ ప్రయోగం రద్దు. నీ ప్రయాణం పోతుంది, నా మెషిన్ మూలన పడుతుంది. అది వాడికి ఇంకా బాగా తెలుసు —

…

నిన్ను కొడుకులా చూసుకుంటాడా? సరే, చూద్దాం. మా మెషిన్ గదిలో పద్ధతి తెలుసుగా… నీళ్ళు చేసినవాళ్ళే మొదటి గ్లాసు తాగాలి. మీరు లోపలికెళ్ళేదాకా ముక్కు మూసుకుని నేనే తాగా. మీ తలుపు మూశాక నన్ను ఆ పక్కకే రానివ్వలేదు. ఇవాళ ఆ గ్లాసు ఆయనకిస్తా.

…

పరీక్షకని నీళ్ళు బయటికి తీసే గొట్టం ఉందిగా, కాపలావాళ్ళు భోజనాలకి పోతే దాంట్లోంచి ఇప్పుడే పట్టా… పిచ్చేం పట్టలేదు. ఆయన తాగడు. తాగబోతే నేనే లాక్కుంటా. తాగబోయాడనుకో, నువ్వు లోపలే ఉండు, నేనింక మాట్లాడను.

…

భోజనాల హాల్లోకొచ్చా. ఆ నవ్వులు వినబడుతున్నాయా? లైన్లోనే ఉండు, ఫోన్ బల్ల మీద పెడుతున్నా.

…

సార్, నీళ్ళు.

…

మా తమ్ముడి కేబిన్‌లోవి సార్. ఇందాక వేదిక మీద మీరు తాగినవే.

…

దాహం లేకపోయినా ఒక్క గుక్క, సార్. అందరూ చూస్తున్నారు.

…

అలా పక్కకి తోసేశారేం, సార్?

…

విన్నావురా?

…

తలుపు తియ్యి.