ఎర్ర మూత తీసిన మా అన్న

నా పేరు ఫ్రాక్సన్ ముహివా. వయసు ఇరవై ఆరు. ములాంజే కొండకు తూర్పున ఉన్న నమలాపె మా పల్లె. మనుషుల్నీ మూటల్నీ సైకిలు మీద ఎక్కించుకుని దించడం నా జీవనం. చనిపోయిన లెక్సన్ నాకు సొంత అన్న. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అతనిదీ అదే పని. అతని మరణం గురించి విచారిస్తున్న మేజిస్ట్రేటు గారు అడగగా, నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతున్నాను.

కిందటేడు మార్చి మొదటి మంగళవారం పొద్దున ఆరింటికి బజారు దగ్గర ఒకతను రెండు మూటలు తెచ్చి మా సైకిళ్లకు కట్టించాడు. పాత ఇనుము అన్నాడు. తను అన్న వెనకాల ఎక్కాడు. రోడ్డుకు అడ్డంగా పోలీసుల గేటు కనబడగానే దూకి మొక్కజొన్న చేలల్లో పడి పరుగెత్తాడు. మేం పరుగెత్తలేదు. మూటలు విప్పితే ఎవరి దగ్గరో దొంగిలించిన పిండిమర మోటారు ముక్కలుగా బయటపడింది.

అన్న పోలీసులతో, "సార్, దొంగ అటు పోయాడు. మేం దొంగలమైతే సైకిళ్లు పట్టుకుని మీ ఎదురుగా నిలబడతామా?" అన్నాడు. పోలీసులు నవ్వారు. నవ్వుతూనే బేడీలు వేశారు.

మమ్మల్ని జిల్లా జైల్లో రిమాండులో పెట్టారు. విచారణ తేదీ రాలేదు. గదిలో అందరం ఒక పక్కకే ఒత్తిగిలి పడుకునేవాళ్లం. ఒకడు తిరగాలంటే వరుసంతా తిరగాలి. "తిరగండ్రోయ్, రొట్టె మాడిపోతోంది!" అని అన్న కేక వేసేవాడు. ఆ మాటకు రోజూ నవ్వేవాళ్లం. ఒక్కపూట సంకటి, కందులు. అన్న తన కందులు కొన్ని నా పళ్లెంలోకి తోసేసేవాడు.

ఆగస్టులో విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ లుసుంగు కలువా అనే మేడమ్ వచ్చింది. నేరాల మీద, కోర్టుల మీద పరిశోధన చేస్తానని చెప్పింది. మమ్మల్ని ఆవరణలో కూర్చోబెట్టి, తనూ నేల మీదే కూర్చుంది.

"మీలో సగం మందికి ఇప్పుడే ఒక న్యాయ సహాయకుణ్ణి ఇస్తాం. ఆయన మీ ఫైలు వెతికిస్తాడు, బెయిలు అడుగుతాడు. మిగతా సగానికి ఏడాది తర్వాత. ఎవరు ముందు బయటపడ్డారో పోల్చి చూపిస్తే ప్రభుత్వం అన్ని జైళ్లకూ ఇలాంటి మనుషుల్ని ఇస్తుంది. ఒకేసారి అందరికీ ఇచ్చే స్తోమత మాకు లేదు. ఇష్టం లేనివాళ్లు లేచి వెళ్లవచ్చు" అంది.

ఎవరూ లేవలేదు. ఒక గుడ్డసంచిలో సీసా మూతలు వేసి పట్టుకుంది. పచ్చమూత వస్తే ఇప్పుడు, ఎర్రమూత వస్తే తర్వాత. నాకు పచ్చది వచ్చింది. అన్నకు ఎర్రది వచ్చింది.

నేను మేడమ్‌ దగ్గరికి వెళ్లి, "మా ఇద్దరిదీ ఒకటే కేసమ్మా. నా మూత అన్నకు ఇచ్చుకోవచ్చా?" అని అడిగాను. ఆవిడ, "మార్చుకోనిస్తే ఇది చీటీ తీసినట్టు కాదు బాబూ. బలమున్నవాడు బలం లేనివాడి దగ్గర లాక్కుంటాడు" అంది. అది నిజమే. ఆ జైల్లో సబ్బుముక్క కూడా లాక్కునేవాళ్లు.

అన్న నా నెత్తిన మొట్టికాయ వేసి, "ఒరేయ్, నువ్వు ఇక్కడుంటే ఏడవడం తప్ప ఏం చేస్తావు? పో. వానలు రాకముందే అమ్మ ఇంటికి గడ్డి కప్పించు" అన్నాడు.

సెప్టెంబరులో నా బెయిలు విన్నారు. నాకు ఇచ్చిన సహాయకుడి పేరు చింపేని. కోర్టు గుమ్మం దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని, "అయ్యా, అన్న గురించి కూడా ఒక్క ముక్క చెప్పండి. అదే ఫైలు కదా" అన్నాను.

"అదే నన్ను తినేస్తోంది తమ్ముడూ. నోరు విప్పితే రెండు సగాలూ కలిసిపోతాయి. పని మొత్తం పాడవుతుంది" అన్నాడాయన.

నేనే లేచి, బెయిలు వింటున్న మేజిస్ట్రేటు గారితో చెప్పాను. అన్న దరఖాస్తు ఆ రోజు తమ ముందు లేదన్నారు. మా ఊరి పెద్ద జామీను ఉన్నాడు. నేను విడుదలయ్యాను.

ప్రతి శనివారం సంకటి, ఎండు చేపల కూర పట్టుకుని వెళ్లేవాణ్ణి. నవంబరులో అన్నకు దగ్గు మొదలైంది. మేడమ్‌ను బతిమాలతానంటే ఒప్పుకోలేదు. "మా సగం లేకపోతే మీ సగానికి విలువ లేదట. మేడమే చెప్పింది. తెలిసిందా? నేనిక్కడ ఉద్యోగం చేస్తున్నాన్రా" అని నవ్వబోయి దగ్గాడు. ఆ నవ్వు పూర్తి కాలేదు.

నేను మేడమ్‌కు ఫోన్ చేశాను. జబ్బుకు వైద్యం చేయించడానికి చీటీ ఏమీ లేదని ఆవిడ ఆ వారమే జైలుకు వచ్చి గొడవ పెట్టింది. కళ్లె పరీక్షకు పంపారు. ఆ ఫలితం రాకముందే, జనవరి రెండో శనివారం నేను సంకటి గిన్నెతో జైలు గేటు దగ్గర నిలబడి ఉండగా, రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లారని వార్డరు చెప్పాడు. ఆస్పత్రికి వెళ్లాను. అన్నను పడుకోబెట్టిన మంచం మీద అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. దుప్పటి ఇంకా మార్చలేదు.

అంత్యక్రియలకు మేడమ్ వచ్చింది. చెప్పులు విప్పి ఆడవాళ్లలో కూర్చుంది. మా అమ్మ ఎస్నార్ట్ ఆవిడ వైపు తిరిగి అడిగింది.

"నువ్వు తెలుసుకుందామనుకున్నది తెలిసిందా తల్లీ?"

"తెలిసిందమ్మా."

"ఏం తెలిసింది?"

"పక్కన మనిషి నిలబడితే జైల్లో ఉన్నవాళ్లు త్వరగా బయటికొస్తారని."

"ఇది నీకు ముందు తెలీదా?"

మేడమ్ తలవంచుకుంది. "తెలుసమ్మా. నాకు తెలిస్తే చాలదన్నారు. రుజువు తెమ్మన్నారు."

అమ్మ ఆవిణ్ణి తిట్టలేదు. "నా పెద్దోడు రుజువయ్యాడన్నమాట" అంది. తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ఏడవనివ్వమని ఆడవాళ్లు మమ్మల్ని అవతలికి పంపారు.

ఏప్రిల్‌లో మా మీద కేసు కొట్టేశారు. పిండిమర యజమాని వచ్చి, దొంగ ఆ పారిపోయినవాడేనని, వాణ్ణి తను ఎరుగుదునని, ఎవరూ పిలవకపోతే ఇన్నాళ్లూ ఎలా చెప్పేదని అన్నాడు. మేడమ్ నివేదిక ఇచ్చాక, ఏడాది నిండకముందే, జూన్ నుంచి జిల్లా జైల్లో రిమాండు ఖైదీలందరికీ సహాయకులు వస్తున్నారు. అన్న పక్కన పడుకునే ఓఫెస్ అనే ముసలాయన మొన్న విడుదలై నా సైకిలెక్కాడు. దారంతా అన్న వేసిన జోకులే చెప్పాడు. నేను వెనక్కి తిరగలేదు. నా ముఖం చూస్తే ఆయన చెప్పడం ఆపేస్తాడని.

మేడమ్ మీద ఫిర్యాదు ఉందా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఫిర్యాదు ఎవరి మీద పెట్టాలో నాకు తెలియడం లేదు. ఉంది మాత్రం ఉంది.

ఒక్కటి అడుగుతున్నాను. మేడమ్ నివేదికలో మా ఎవరి పేర్లూ లేవు. మమ్మల్ని కాపాడడానికే అలా రాస్తారట, పేరుకు బదులు అన్నకూ ఒక అంకె ఉందట. ఇక కాపాడడానికి ఏముంది? ఈ కాగితంలోనైనా అతని పేరు పూర్తిగా రాయమని కోరుతున్నాను. లెక్సన్ జుమా ముహివా. సైకిలు నడిపేవాడు. దొంగ కాదు.

ఇది మా లోమ్వే భాషలో నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, చెప్పనిది లేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అన్న పేరు దగ్గర రెండోసారి చదివించుకుని విని సంతకం చేస్తున్నాను.

(సం.) ఫ్రాక్సన్ ముహివా