గార్డు గారి డిస్కు బ్రేకులు

అదిగో, ఈయన కూడా అదే అడిగి ఎల్లిపోనాడు, సూసినావా బావా? "కారుకేటీ అవనేదు కదా సువర్ణమ్మా?" అని. నీ దవడ రెండు సోట్ల ఇరిగిపోయి, పై పళ్ళకీ కింద పళ్ళకీ కలిపి తీగలు కట్టీసి, టెక్కలి ఆసుపత్రిలో నువ్విలగ మంచం మీద పడుంటే, పలాస నుంచి బస్సెక్కి వచ్చిన మడిసి అడిగింది కారు గురించి.

ఏటీ అవనేదండీ, గీత కూడా పడనేదండీ అన్నాను. మరేటనాలి? నిజమే కదా. కారు నిక్షేపంలాగుంది.

సైగలు సెయ్యకు. ఇయ్యాల నాను మాటాడతాను, నువ్వు ఇను. పెళ్ళయినకాడ్నించి నువ్వు మాటాడినావు, నాను ఇన్నాను. మేనబావవి కాబట్టి పెళ్ళికి ముందు కూడా ఇన్నాను. ఇన్నాళ్ళకి దేవుడు నాకు కొంచెం సందు ఇచ్చినాడు.

ముందు ఈ సోడి అంబలి తాగు. గొట్టం పక్క పళ్ళ సందులోంచి పెట్టుకో. అదీ. మెల్లగా.

నాకు తెలవక అడుగుతాను, అసలు నీకూ బ్రేకులకీ ఏటి సంబందం బావా? ఉద్యోగమంతా గూడ్సు బండి ఆఖరి పెట్టెలో కూర్సున్న గార్డువి. జెండా ఊపడం నీ పని. బండి నడిపినోడూ, ఆపినోడూ ముందు ఇంజనులో ఉన్న పోలారావు. ఏటి, గార్డు పెట్టెలో కూడా బ్రేకుందంటావా? ఉంది, నానూ సూసినాను. దాని సక్రానికి నువ్వు టిఫిను కేరేజీ తగిలించీవోడివి.

రిటైరయినావు. మిగతావోళ్ళు జీడితోట కొనుక్కున్నారు, ఇల్లు మీద ఇల్లు ఏసుకున్నారు. నువ్వు చర్చి మిషను కాంపౌండులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటన్న పాత అంబాసిడరు కారు ఇంటికి తెచ్చినావు. కోళ్ళని తోలి, కొత్త రంగు ఏయించినావు. అప్పుడు నాను ఒక్క మాట అన్నానేటి? ఆదివారం చర్చి ముందు కారు దిగుతుంటే నాకూ బాగానే ఉండీది. అబద్దం ఎందుకాడాలి.

వచ్చిన తంటా అంతా కాశీబుగ్గ రైలు గేటు కాడ.

వాన పడతంది. గేటు ఏసీసినారు. నువ్వు బ్రేకు తొక్కినావు. ఆ పాత డ్రమ్ము బ్రేకులు తడిసినాయంటే పట్టవు కదా. మళ్ళా తొక్కినావు, మళ్ళా తొక్కినావు, కుట్టుమిషను తొక్కినట్టు తొక్కినావు. కారు తీరుబడిగా ఎల్లి గేటు కర్రకి ముక్కు ఆనించి ఆగినాది. దెబ్బ ఏటీ లేదు. కానీ పక్కన స్కూటరు మీద గొడుగేసుకుని ఉన్నది ఎవరు? పోలారావు. "ఎర్రజెండా ఊపడం మర్సిపోనారేటి గార్డు గారూ?" అన్నాడు. గేటు కాడున్న జనమంతా నవ్వినారు.

నానూ నవ్వినాను. మొకం అటు తిప్పుకుని నవ్వినాను.

ఆ సాయంత్రం అన్నం కాడ మొదలెట్టినావు. గిన్నెలోకి సెయ్యి దూర్చి, లోపల గోడకేసి నొక్కి, "ఇదీ డ్రమ్ము బ్రేకు" అన్నావు. కంచం నిలబెట్టి, అటూ ఇటూ వేళ్ళతో గట్టిగా పట్టుకుని, "ఇదీ డిస్కు. ఈ వేళ్ళే కేలిపర్లు. తిరిగే కంచాన్ని రెండు పక్కలా పట్టీస్తాది, ఇంక కదలదు" అన్నావు. కంచంలో పప్పున్న సంగతి నీకు గేపకం లేదు. నా సీరకి తెలిసింది.

తర్వాత మెకానిక్కు కన్నయ్య షెడ్డు. కన్నయ్య మంచోడే, కాదన్ను. పని కూడా వచ్చు. కానీ ఆ మడిసి "ఇదొక్కటీ మారిస్తే సాలు గార్డు గారూ" అన్నాడంటే, దాని ఎనక ఇంకోటి ఉంటాదని నాలాటిదానికే తెలిసిపోనాది. విశాఖపట్నంలో తుక్కుకి ఏసీసిన కొత్తరకం అంబాసిడరు నుంచి ముందు సక్రాల కాడి సామాను ఊడదీసి తెచ్చినారు. బిగించినారు. బిగించినాక పాత సక్రం దాని మీదకి ఎక్కదు, కేలిపరుకి రాసుకుంటంది. సక్రాలు మార్సినారు. సక్రాలు ఎక్కినాయి, బ్రేకు తొక్కితే కాలు ఎల్లి కింద రేకుకి తగిలింది. మాస్టర్ సిలిండర్ సాలదంట. దాన్నుంచే బ్రేకు ఆయిలు నెట్టుకెల్లాలంట.

కారు దిమ్మెల మీద ఉంది. మనం చర్చికి రిక్షాలో ఎల్తన్నాం.

దానికీ ఓర్సుకున్నాను. కానీ ఆ ఆదివారం ఏటి సేసినావు? పాస్టరు గారు "ప్రార్థన మనవులు ఉన్నోళ్ళు సెప్పండి" అంటే, ఎవరో కొడుకు ఉద్యోగం గురించి సెప్పినారు, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చినాయన కిడ్నీల గురించి సెప్పినాడు. నువ్వు లేసి, గొంతు సవరించుకుని, "మా మాస్టర్ సిలిండర్ గురించి ప్రార్థించండి" అన్నావు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థించినారు కూడా. బయటికొచ్చినాక రత్నాలమ్మ పిన్ని నా సెయ్యి పట్టుకుని, "ఆ సిలిండరు మాస్టారు ఏ బళ్ళో సెప్తారమ్మా? పాపం, ఏటి జబ్బు?" అంది.  జబ్బు గట్టిదే పిన్నీ, విశాఖ నుంచి మడిసి రావాల అని సెప్పేను. ఆ పిచ్చి మాతల్లి ఉపోసం ఉంది బావా. ఇనుప ముక్క కోసం ఉపోసం ఉంది.

నవ్వకు. తీగలు లాగుతాయి.

సరే, సిలిండరు మాస్టారు వచ్చినారు. బ్రేకుకి బలం ఇచ్చే బూస్టరో ఏదో, అదీ వచ్చింది. కారు దిమ్మెలు దిగింది. నువ్వు వీధిలో పది గజాలు నడపడం, ఆపడం. మళ్ళా పది గజాలు. ఆపినపుడల్లా కారు ముక్కు వొంచి దండం ఎడతంది. ఎదురింటి సత్యవేణి "అన్నయ్యకి కారు నడపడం మళ్ళా నేర్పుతున్నారేటి?" అని అడిగింది.

అక్కడితో ఆగినా బాగుండీది. టెక్కలిలో మీ రైల్వేవోళ్ళ ఇంట్లో గృహప్రవేశం అన్నారు. పోలారావుకి కబురెట్టి మరీ ఎక్కించినావు, "మా కారులో రావాల" అని. నాకప్పుడే అర్తమయింది, మనం ఎల్తంది గృహప్రవేశానికి కాదని.

ఆయన ఎనక సీట్లో కూర్సున్నాడు, వాళ్ళ తోటలో పనసకాయ ఒళ్ళో ఎట్టుకుని. దారంతా నువ్వు కేలిపర్ల గురించి సెప్తనే ఉన్నావు. ఆయన ఊ అంటనే ఉన్నాడు. హైవే కొత్తగా ఎడల్పు సేత్తన్న సోటికి వచ్చినాం. కొత్త రోడ్డు నల్లగా, నున్నగా, ఒక్క బండి లేదు, మడిసి లేదు. అప్పుడు పోలారావు నెమ్మదిగా, "అంతా బాగుంది గానీ గార్డు గారూ, ఆగుతాదా?" అన్నాడు.

ఆ ఒక్క మాట సాలింది నీకు.

నీ మొకం సూసినాను. ఒద్దు బావా అన్నాను. నువ్వు ఇన్నేదు. అప్పటికే కారు ఇమానంలా ఎల్తంది. పాత అలవాటు కదా, ఒళ్ళు బరువంతా కాలి మీద ఏసి తొక్కినావు. కన్నయ్య బ్రేకులు మార్సినాడు గానీ నీ కాలు మార్సనేదు.

కారు ఆగినాది. గోడకి మేకు కొట్టినట్టు ఆగినాది. ఆగనిది మనం. నీ మొకం ఎల్లి స్టీరింగుకి తగిలింది. పనసకాయ మన ఇద్దరి మజ్జిలోంచి వచ్చి ముందు రేకుకి తగిలి పగిలి, తొనలు కారంతా సిమ్మినాయి. పోలారావుకి ఏటీ అవనేదు. ఇంజను మడిసి కదా, ముందే కాళ్ళు తన్ని పట్టుకున్నాడు.

 నీ నోట్లోంచి రక్తం. అప్పుడు పోలారావు, "ఆగినాది గార్డు గారూ. బాగానే ఆగినాది" అన్నాడు. సత్తెపెమాణికంగా సెప్తన్నాను, నువ్వా రక్తంలోనే నవ్వినావు.

ఇక్కడికి తెచ్చినాక డాక్టరు "ఎలా జరిగింది?" అన్నాడు. నీకు నోరు లేదు. రెండు వేళ్ళు బుర్ర మీద ఎట్టి కొమ్ములు సూపించినావు. మేకంట. అడ్డం వచ్చిందంట. ఆ రోడ్డు మీద మేక కాదు కదా, మేక ఎంటిక కూడా లేదు.

పోలారావు నా కాసి సూసినాడు. నాను పోలారావు కాసి సూసినాను. డాక్టరు రాసుకుంటన్నాడు. "అవునండీ, నల్ల మేక" అన్నాను. నా నోరే. బడాయిలు పోవద్దని ఇంటిల్లిపాదికీ సెప్పీ నోరు. ఇంక పోలారావు ఊరుకుంటాడేటి, "కడుపుతో ఉందండీ పాపం" అని కలిపినాడు.

ఇప్పుడు పలాసంతా తెలిసిపోనాది. మొన్న ఆదివారం పాస్టరు గారు నీ మేక మీదే వాక్యం సెప్పినారంట. ఒక మూగజీవి కోసం ప్రాణం అడ్డేసిన గార్డు కృపాదానం గారు అని. రత్నాలమ్మ పిన్ని ఏడిసిందంట. మేక ఈనిందా అని కబురెట్టింది. ఏటి సెప్పమంటావు?

నానెందుకు అబద్దమాడేనో సెప్పనా? ఇటు సూడు. సీలింగు కాసి కాదు, ఇటు సూడు.

డాక్టరు రాకముందే పోలారావు నన్ను వరండాలోకి పిలిసి సెప్పినాడు. రెండు సేతులూ స్టీరింగు మీద ఉంటే గార్డు గారి దవడకి ఏటీ అయ్యుండేది కాదమ్మా అని. కుడిసెయ్యి మట్టుకే స్టీరింగు మీద ఉంది. నీ ఎడం సెయ్యి నా గుండెలకి అడ్డంగా ఉంది బావా, కర్ర అడ్డమెట్టినట్టు. నువ్వు తొక్కడానికి ముందే అడ్డమెట్టినావు.

సూడు, ఇక్కడ, మెడ కింద. నీ గడియారం గొలుసు గుర్తు పడిపోనాది. డాక్టరుకి సూపించనేదు. నర్సమ్మకీ సూపించనేదు. అద్దంలో నానొక్కదాన్నే సూసుకున్నాను, రెండు మూడుసార్లు.

నీ నోటంట ఇన్నేళ్ళలో నా గురించి ఒక మంచి మాట రానేదు. ఇయ్యాల వద్దామన్నా దారి లేదు. తీగలు ఇప్పీసినాక వత్తాదేటి? రాదు. కేలిపర్లే వత్తాయి. ఎనక సక్రాలకి కూడా డిస్కులేయిస్తే మేలని వత్తాది.

రానీ. ఇంటాను. ఏటి సేత్తాను మరి.