నడిపయ్య పేరు మీద ఏడుగురం

నా పేరు భూమేష్, తండ్రి పేరు దేవిదాస్. వయసు ఇరవై నాలుగు. ఊరు కమ్మర్‌పల్లి. బీఎస్సీ కంప్యూటర్స్ పాసయ్యాను. ఎట్లా అని ఎస్సై గారు అడగలేదు, నేను చెప్పలేదు. ఆర్మూర్‌లో లక్ష్మీనర్సయ్య శేట్ గారి పసుపు కోల్డ్ స్టోరేజీలో గేటు దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌ని.

సత్తవ్వ అనే రైతు దాచుకున్న పసుపు సంచులను మొన్న మంగళవారం మధ్యాహ్నం ఎవరో వేరే వ్యాపారి లారీకి విడిచారు. కంప్యూటర్‌లో విడిచినవారి పేరు నడిపయ్య అని ఉంది. నడిపయ్య మా దగ్గర సంచులు తూచే కాంటా మనిషి. అందుకని నిన్నటి నుంచి ఆయన ఈ స్టేషన్ బెంచీ మీదే ఉన్నాడు.

కానీ ఆ పేరుతో కంప్యూటర్‌లోకి వెళ్లేది ఏడుగురం. శేట్ పోయినేడు సర్వర్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. సర్వర్‌కు లైసెన్సు వేరు, దాన్ని వాడుకునేందుకు వేరు. మనిషి లెక్కన కొంటే ఒక్కొక్కరికి ఒకటి కావాలి. ఆ మనిషి ఏ కంప్యూటర్‌లోనైనా వాడుకోవచ్చు. కంప్యూటర్ లెక్కన కొంటే దాని ముందు ఎందరైనా మారి మారి కూర్చోవచ్చు. శేట్ మనిషి లెక్కన ఒక్కటే కొని, నడిపయ్య పేరు పెట్టించారు.

"గిట్ల నడువది శేట్. మనం ఏడుగురం ఉన్నం," అన్నాను.

"మార్కెట్ యార్డుల నా ఒక్క లైసెన్సు మీద నేను, నా కొడుకు, గుమాస్తా అందరం వేలం పాడుతలేమా? గక్కడ నడిచేది గిక్కడెందుకు నడువదు రా?" అన్నారు శేట్.

నేనూ ఆ పేరుతోనే కంప్యూటర్ తెరిచాను. సర్వర్ కూడా అడ్డుపడలేదు. అది మనుషులను లెక్కపెట్టదు. ఆ లెక్క నిజాయితీగా మనమే పెట్టుకోవాలట.

ఎస్సై గారు అడిగారు: "అయితే నడిపయ్య ఎవరు?"

"మేమందరం సార్."

"మరి బెంచీ మీద కూసున్నోడు?"

"ఆయన అసలు నడిపయ్య సార్."

"సంచులు విడిచింది?"

"నడిపయ్యనే సార్. కానీ ఆయన కాదు."

ఎస్సై గారు రాసింది కొట్టేసి నీళ్లు తాగారు. నేనూ తాగాను. బెంచీ మీది నుంచి నడిపయ్య అన్నాడు: "నాకు గా మౌస్ పట్టుడే రాదని చెప్పు బిడ్డా."

"పేరొద్దు, మనిషి కావాలె. ఆ పొద్దు గేటు కంప్యూటర్ ముంగట ఎవరున్నరు?" అన్నారు ఎస్సై గారు.

అప్పటిదాకా నన్నెవరూ అట్లా అడగలేదు. నేను చాయ్ తాగి వచ్చేసరికి నా కుర్చీలో శేట్ ఉన్నారు. "లారీ పోయింది, నువ్వు నిమ్మళంగ రా," అన్నారు. సంచులు ఎవరివో చూడక నొక్కారో, చూసే నొక్కారో నాకు తెలియదు. కూర్చున్నది మాత్రం ఆయనే.

నన్ను ఇక్కడికి తన కారులో తెచ్చింది కూడా ఆయనే. బయట హారన్ కొడుతున్నారు. నేను ఆటోలో వెళ్తాను. నడిపయ్యను వదిలితే ఇద్దరం వెళ్తాం.

పై మాటలు చదివి వినిపించారు, విన్నాను. అన్నీ నిజమే చెప్పాను. అర్థమయ్యేటట్టు చెప్పానని మాత్రం ప్రమాణం చేయలేను.

(సంతకం) డి. భూమేష్